హెచ్‌డీఆర్ ఫోటోను నలుపు తెలుపులోకి మార్చడం: చీమకుర్తి క్వారీ, భైరవకోన చిత్రాలపై సమాధానం

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. చీమకుర్తి గ్రానైట్ క్వారీని మిట్టమధ్యాహ్నం ఎండలోనూ, భైరవకోనలో గుహాలయం లోపలి నుంచి బయటి వెలుగు కనబడేలాగానూ మూడేసి ఎక్స్‌పోజర్లు, అంటే ఒకే దృశ్యాన్ని వేర్వేరు వెలుగు మోతాదుల్లో, తీశారు. వాటిని హెచ్‌డీఆర్ పద్ధతిలో ఒకే చిత్రంగా కలిపి, ఆ విస్తారమైన వెలుగు పరిధిని తెర మీద కనబడేలా కుదించే టోన్ మ్యాపింగ్ చేశారు. రంగుల్లో ఉన్నంతసేపు రెండు చిత్రాలూ బాగానే ఉన్నాయి. రంగు తీసేసేసరికి మాత్రం సిమెంటు పూసినట్టు అయిపోయాయి, రాతి అంచుల వెంబడి తెల్లటి గీత తేలింది, ఆకాశం మరకలు మరకలుగా కనబడుతోంది. అందుకని మూడు ఫోటోలనూ ముందే నలుపు తెలుపు చేసి ఆ తరువాత కలపాలా, లేక కలిపాకే రంగు తీయాలా అని అడిగారు.

ముందు కలపండి. అయితే టోన్ మ్యాపింగ్ పూర్తయిన చిత్రాన్ని పక్కనబెట్టి, కలిపిన వెంటనే వచ్చే అసలు ఫైలును నలుపు తెలుపులోకి తీసుకెళ్లండి. మీ చిత్రాల్లో వెలుగుకూ నీడకూ మధ్య ఉండవలసిన దూరాన్ని టోన్ మ్యాపింగ్ ముందే చెరిపేసింది. రంగు ఉన్నంతసేపు ఆ లోటు బయటపడలేదు, రంగు పోగానే బయటపడింది.

ఇది ఎలా జరుగుతుందో కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే కారణం తెలిస్తే మిగిలిన నిర్ణయాలన్నీ మీరే తీసుకోగలరు. మిట్టమధ్యాహ్నం క్వారీలో ఎండ పడిన తెల్లటి రాతిపొడికీ, లోతున నీడలో ఉన్న గోడకూ మధ్య వెలుగు తేడా పది పన్నెండు స్టాపుల దాకా ఉండవచ్చు. ఒక్కో స్టాపుకూ వెలుగు రెట్టింపవుతుంది కాబట్టి పన్నెండు స్టాపులంటే నాలుగు వేల రెట్లు దాటిన తేడా. గుహ లోపలి నుంచి బయటికి చూసే దృశ్యంలో ఇది ఇంకా ఎక్కువ. మంచి నిగనిగలాడే ఫోటో కాగితం కూడా సుమారు ఏడెనిమిది స్టాపులకు మించి చూపలేదు. అంత విస్తారమైన పరిధిని ఇంత ఇరుకులో ఇమడ్చడానికి, మీరు వాడిన తరహా టోన్ మ్యాపింగ్ పెద్ద పెద్ద ప్రాంతాల మధ్య తేడాను తగ్గించి, ఒక్కో ప్రాంతం లోపల ఉండే చిన్న తేడాలను పెంచుతుంది. ఆకాశాన్ని కిందికి దించుతుంది, నీడలోని గోడను పైకి లేపుతుంది, చివరికి రెండూ ఇంచుమించు ఒకే మధ్యస్థ ప్రకాశం దగ్గర ఆగుతాయి. రంగు ఉన్నప్పుడు ఆకాశం నీలంగా, రాయి మట్టిరంగుగా ఉన్నాయి కాబట్టి కన్ను వాటిని తేలికగా విడదీసింది. రంగు పోయాక విడదీయడానికి ప్రకాశం తప్ప మరొక ఆధారం లేదు, ఆ ప్రకాశమేమో రెండింటికీ సమానం. ఆకాశం, గోడ, లోయలోని నీళ్లు, లారీ అన్నీ ఒకే బూడిదరంగులో కలిసిపోవడానికి కారణం ఇదే.

మూడింటినీ విడివిడిగా ముందే నలుపు తెలుపు చేయడం ఎందుకు వద్దంటానంటే, ఆ పని చేసిన క్షణమే ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఛానెళ్లు (ఒక్కో రంగు వెలుగును విడిగా నమోదు చేసే లెక్కలు) మూడూ ఒకటైపోతాయి. ఏ రంగును ఏ బూడిదరంగుగా మార్చాలో నిర్ణయించే అధికారం అక్కడితో మీ చేయి దాటిపోతుంది. పైగా కలిపే సాఫ్ట్‌వేరుకు కావలసింది సెన్సరు నమోదు చేసిన, ఏ వంపూ వేయని లెక్క; మీరు కాంట్రాస్టు మార్చి ఇచ్చిన జేపెగ్‌ల నుంచి అది అసలు వెలుగును ఊహించుకోవలసి వస్తుంది. కెమెరా సెన్సరు లెక్కను మార్చకుండా దాచే రా ఫైళ్లనే కలపండి. ఫోటోలు దిద్దే సాఫ్ట్‌వేరు లైట్‌రూమ్‌లో కలిపితే, రంగులన్నీ భద్రంగా ఉన్న డీఎన్‌జీ అనే రా తరహా ఫైలు వస్తుంది. మామూలు ఫోటోకు ఐదు స్టాపుల వరకు అటూ ఇటూ జరిగే ఎక్స్‌పోజర్ స్లైడర్, ఈ ఫైలుకు పది స్టాపుల దాకా జరుగుతుంది. కలిపేటప్పుడు కనబడే ఆటో సెట్టింగ్స్ గుర్తును తీసేయండి, లేకుంటే నీడలను పైకి, వెలుగులను కిందికి లాగేసిన సెట్టింగులతోనే ఫైలు మీ ముందు తెరుచుకుంటుంది. డబ్బు పెట్టలేనివారు డార్క్‌టేబుల్‌లోగాని, హెచ్‌డీఆర్‌మెర్జ్‌లోగాని ఇదే పని చేసుకోవచ్చు. ఫోటోమ్యాటిక్స్ అలవాటైనవారు కలిపిన ఫైలును 32 బిట్లలో భద్రపరచి అక్కడితో ఆగాలి.

ఒక మాట మధ్యలో చెప్పాలి. మీ క్వారీ చిత్రానికి మూడు ఎక్స్‌పోజర్లు అవసరమేనా అని నాకు సందేహం. ఇప్పటి మంచి కెమెరాలు ఒక్క రా ఫైలులోనే 12 నుంచి 14 స్టాపుల వరకు పట్టగలవు. ఎండ పడిన రాతిపొడి తెల్లగా కాలిపోకుండా జాగ్రత్తపడి తీసిన ఒక్క ఫోటో చాలా సందర్భాల్లో సరిపోతుంది, కదిలే లారీలూ మనుషులూ రెండుసార్లు పడే బెడదా ఉండదు. అయినా కలిపిన ఫైలుకు ఒక నిజమైన లాభం ఉంది: దానిలో నీడలు శుభ్రంగా ఉంటాయి. ఎక్కువ వెలుగు పట్టిన ఫోటో నుంచి నీడల సమాచారం వస్తుంది కాబట్టి నాయిస్ (చిత్రం మీద ఇసుకలా కనబడే చుక్కలు) తక్కువ. నలుపు తెలుపులో ఛానెళ్లను అటూ ఇటూ లాగే పనికి ఈ శుభ్రత ఎంతో ఆసరా. గుహ చిత్రానికి మాత్రం మూడు కూడా చాలకపోవచ్చు, అక్కడ రెండేసి స్టాపుల తేడాతో ఐదు తీయండి. ఎపర్చర్, ఐఎస్ఓ, ఫోకస్ మార్చకుండా షటర్ ఒక్కటే మార్చాలి. అక్కడ పూజలు జరుగుతుంటాయి కాబట్టి ట్రైపాడ్ నిలిపే ముందు పూజారిగారిని అడగడం మర్యాద.

ఇక రంగు తీయడం సంగతి. డీశాచురేట్ అనే ఒక్క ఆదేశంతో ఈ పని ముగించకండి. ఫోటోషాప్‌లో ఆ ఆదేశం ప్రతి బిందువులోనూ అత్యధిక ఛానెల్ విలువకూ, అత్యల్ప విలువకూ సగటు తీసుకుంటుంది. ఆ లెక్కన స్వచ్ఛమైన ఎరుపు, స్వచ్ఛమైన ఆకుపచ్చ, స్వచ్ఛమైన నీలం మూడూ, నలుపు సున్నా, తెలుపు 255 అయిన కొలతలో, 128 అనే ఒకే బూడిదరంగుగా మారతాయి. మన కన్ను అలా చూడదు. టీవీ ప్రసారాల కాలం నుంచి వాడుకలో ఉన్న లెక్క ఒకటుంది: ఎరుపుకు 0.299, ఆకుపచ్చకు 0.587, నీలానికి 0.114 బరువు ఇచ్చి కూడడం. దాని ప్రకారం అదే ఎరుపు 76, ఆకుపచ్చ 150, నీలం 29 అవుతాయి. మన ఊళ్లలో రంగులు వేసిన గోపురం మీది బొమ్మలను ఈ రెండు పద్ధతుల్లోనూ మార్చి పక్కపక్కన పెట్టి చూడండి. మొదటి దానిలో బొమ్మ చీరకూ వెనక గూటికీ తేడా కనబడదు, రెండో దానిలో బొమ్మలు విడివిడిగా నిలబడతాయి. అయితే రెండోది కూడా ఒక సగటు లెక్కే. ఏ రంగు ఎంత తేలాలో దృశ్యాన్ని బట్టి మీరు నిర్ణయించాలి, అందుకు లైట్‌రూమ్‌లో బ్లాక్ అండ్ వైట్ మిక్స్ ఉంది, గింప్‌లో మోనో మిక్సర్ ఉంది.

ఆ స్లైడర్లతో పని చేసేటప్పుడు వాటి పేర్లను నమ్ముకోవద్దు. పచ్చటి వరిచేను చాలావరకు ఆకుపచ్చ స్లైడర్‌కు కాక పసుపు స్లైడర్‌కు స్పందిస్తుంది. మనిషి చర్మం నారింజలో ఉంటుంది. వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగా కనబడేలా రంగుల ఛాయను సరిచేసే సెట్టింగు) మార్చినా బూడిదరంగులు మారతాయి, ఎందుకంటే అది ఛానెళ్ల బలాబలాలనే మారుస్తుంది. కాబట్టి దానిని ముందే స్థిరపరచుకోండి.

చీమకుర్తి రాయి దగ్గరికి వచ్చేసరికి ఈ స్లైడర్లు మీకు పెద్దగా ఉపకరించవు. నల్లటి గెలాక్సీ గ్రానైట్‌కు రంగంటూ దాదాపు లేదు. మెరుగు పెట్టిన పలక మీద కనబడే బంగారు చుక్కలు మాత్రం పసుపు, నారింజ స్లైడర్లకు స్పందిస్తాయి. ఆ చుక్కలు క్వారీ గోడ మీద దూరం నుంచి కనబడవు, పైగా పొడి పట్టిన రాయి నల్లగా కాక వెలిసిన బూడిదరంగులో ఉంటుంది. దగ్గరగా గమనిస్తే ఆ గోడ మీద మూడు రకాల ఉపరితలాలున్నాయి. వైర్ సా కోసిన చోట రాయి నున్నగా, వెలుగును ఒక వైపుకే తిప్పికొడుతూ ఉంటుంది. డ్రిల్లు వేసి విడగొట్టిన చోట నిలువు గాళ్లు వరుసగా ఉండి ఒక్కో గాడికీ ఒక సన్నని నీడ ఉంటుంది. కోతకు వాడే నీళ్లు కారిన చోట రాయి ఒక్కసారిగా చిక్కటి నలుపుకు తిరుగుతుంది. మీ చిత్రానికి ప్రాణం ఈ మూడింటి మధ్య తేడాలోనే ఉంది. టోన్ మ్యాపింగ్ ఆ తడి నలుపును పైకి లేపి పొడి రాయితో సమానం చేసేసింది. నేనైతే ఆ తడి చారలను దాదాపు పూర్తి నలుపు దాకా పోనిస్తాను, ఎండ పడిన రాతిపొడిని కాగితం తెలుపుకు ఒక మెట్టు కింద నిలుపుతాను, మిగిలిన గోడనంతా వాటి మధ్య పరుస్తాను. ఇందుకు వెలుగు స్థాయిలను వంపుతో సర్దే టోన్ కర్వ్ చాలు. చాలని చోట మాస్క్ వేసి, అంటే ఎంచుకున్న భాగానికే మార్పును పరిమితం చేసి, డాడ్జ్ (లేత చేయడం), బర్న్ (ముదురు చేయడం) చేయాలి.

హెచ్‌డీఆర్ అలవాటైన చాలామందికి నీడలో ఏదీ కనబడకుండా ఉంచడమంటే భయం. సమాచారం ఉంది కదా, చూపించకపోతే వృథా కదా అనుకుంటారు. భైరవకోన చిత్రంలో ఇబ్బంది అంతా అక్కడే ఉంది. కొండరాతిని తొలిచి చేసిన ఆ గుహల్లోకి అడుగుపెట్టినవారికి మొదట తెలిసేది చీకటి, ఆ చీకటిలోంచి చూసినప్పుడు ద్వారం దగ్గర స్తంభం అంచున నిలిచే వెలుగు. మీ చిత్రంలో లోపలి గోడ మీద ఉలి దెబ్బలు కూడా ట్యూబులైటు వేసినంత స్పష్టంగా ఉన్నాయి, కాబట్టి అది గుహలా కనబడడం లేదు. కలిపిన ఫైలులో ఆ వివరమంతా ఉండనివ్వండి, దానిలో ఎంత చూపాలో మాత్రం మీరు ఎంచుకోండి. ద్వారానికి దగ్గరగా ఉన్న రాతిలో గరుకుతనం తెలియాలి, లోపలికి వచ్చేకొద్దీ అది క్రమంగా చీకటిలో కలవాలి, బయటి కొండ తెల్లబడినా దాని చెట్ల ఆకారం పోకూడదు. ఇదంతా చిత్రమంతటికీ ఒకేలా పనిచేసే ఒక్క గ్లోబల్ స్లైడర్‌తో సాధ్యం కాదు. మొత్తం ఎక్స్‌పోజర్‌ను లోపలి రాతికి తగ్గట్టు పెట్టి, బయటి భాగాన్ని అంచు మెత్తగా ఉన్న మాస్క్‌తో కిందికి దించి, లోపలి మూలలను విడిగా బర్న్ చేయండి.

ఇలా ఆలోచించడానికి అమెరికన్ ఫోటోగ్రాఫర్లు ఆన్సెల్ ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్ కలిసి 1940 ప్రాంతంలో రూపొందించిన జోన్ సిస్టమ్ ఇప్పటికీ ఎంతో పనికివస్తుంది. పూర్తి నలుపు సున్నా, పూర్తి తెలుపు పది, మధ్యస్థ బూడిదరంగు ఐదు. దృశ్యంలో ఏ వస్తువు ఏ మెట్టు మీద ఉండాలో ముందే అనుకుని, ఆ తరువాతే స్లైడర్ల మీద చేయి వేయాలి. ఒంగోలు గిత్తను తీసుకోండి. దాని ఒంటి తెలుపు ఏడెనిమిది మెట్ల మధ్య ఉండాలి, మూపురం, మెడ దగ్గర ఉండే బూడిద ఛాయ ఐదారు మెట్ల దగ్గర ఉండాలి. ఆ తేడా నిలిస్తేనే దాని కండ గుండ్రంగా తెలుస్తుంది. హెచ్‌డీఆర్ ప్రీసెట్ ఏదైనా వేస్తే ఒళ్లు ఆరుకు దిగుతుంది, మూపురం ఆరుకు ఎక్కుతుంది, గిత్త కాస్తా అట్టముక్కలా చదునుగా తయారవుతుంది.

ఆకాశంలో మరకలకు కారణం నీలం ఛానెల్. నీలం స్లైడర్‌ను బాగా కిందికి లాగితే ఆకాశం నాటకీయంగా నల్లబడుతుంది, ఒకప్పుడు ఎర్ర ఫిల్టరు చేసిన పని అదే. అయితే కెమెరా సెన్సరులో సగం బిందువులు ఆకుపచ్చకు పోగా ఎరుపుకూ నీలానికీ నాలుగో వంతు చొప్పునే మిగులుతాయి, నీలంలో నాయిస్ సాధారణంగా ఎక్కువగా ఉంటుంది. జేపెగ్ అయితే మరీ కష్టం. అది రంగు వివరాన్ని సాధారణంగా సగం స్పష్టతతోనే దాచుకుంటుంది కాబట్టి లాగినకొద్దీ చదరాలు చదరాలుగా విరుగుతుంది. నా అనుభవంలో నీలాన్ని మైనస్ ముప్పై, నలభై దాటించడం అరుదుగా మేలు చేసింది. ఇంకా నల్లటి ఆకాశం కావాలంటే మిగిలినది గ్రేడియంట్ మాస్క్‌తో దించండి. పని పూర్తయ్యేవరకు ఫైలును 16 బిట్లలోనే ఉంచండి. 8 బిట్ల నలుపు తెలుపు చిత్రంలో ఉండేది 256 బూడిదరంగులు మాత్రమే, రంగు చిత్రంలోలాగా మూడు ఛానెళ్లు కలిసి లోపాన్ని దాచవు, ఆకాశం మెట్లు మెట్లుగా చీలుతుంది.

అంచుల వెంబడి కనబడే తెల్లటి గీతకు రెండు మూలాలున్నాయి. ఒకటి టోన్ మ్యాపింగ్, చిన్న తేడాలను పెంచే క్లారిటీ స్లైడర్. ముదురు రాయి, లేత ఆకాశం కలిసే చోట అవి రెండు వైపులా తేడాను పెంచబోయి ఆకాశం వైపున వెలుగు చారను మిగులుస్తాయి. అసలు ఫైలు నుంచి మొదలుపెడితే ఇది చాలావరకు పుట్టదు, క్లారిటీని కూడా చిత్రమంతటికీ కాక రాతికి మాత్రమే వేయండి. రెండో మూలం నీలం స్లైడర్. అంచు మీది బిందువుల్లో రాయి రంగు, ఆకాశం రంగు కలిసి ఉంటాయి కాబట్టి ఆకాశంతోపాటు అవి నల్లబడవు, సన్నని తెల్ల దారంలా మిగులుతాయి. నీలాన్ని తగ్గించడంలో మితం పాటించడమే దీనికి మందు. అప్పటికీ మిగిలితే క్లోన్ పరికరాన్ని డార్కెన్ పద్ధతిలో పెట్టి, పక్కనున్న ఆకాశాన్నే తెచ్చి అంచు మీద నడపండి. అది తెచ్చిన ఆకాశం కన్నా లేతగా ఉన్న బిందువులనే మారుస్తుంది, ఆకాశం కన్నా రాయి ముదురుగా ఉన్నంతవరకు రాయి జోలికి పోదు.

మైపాడు సముద్రం మీద కూడా ఇదే ప్రయత్నం చేద్దామనుకుంటున్నానని చివర్లో రాశారు. అక్కడ పద్ధతి మారాలి. అలలు ఒక ఎక్స్‌పోజర్‌కూ ఇంకొక దానికీ మధ్య కదిలిపోతాయి. కదిలినవి రెండుసార్లు పడకుండా చూసే డీగోస్టింగ్ పెడితే సాఫ్ట్‌వేరు ఆ ప్రాంతానికి ఒక్క ఫోటోనే వాడుకుంటుంది, పక్క ప్రాంతంలో అన్నీ కలిసి ఉంటాయి, ఆ రెండింటి నాయిస్‌లో తేడా నలుపు తెలుపులో అతుకు వేసినట్టు తెలిసిపోతుంది. నీటికి ఒక ఫోటో, ఆకాశానికి ఒక ఫోటో ఎంచుకుని దిగంతరేఖ దగ్గర చేతితో మాస్క్ వేసి కలపడం మేలు. 1850లలో ఫ్రాన్సులో ఫోటోగ్రాఫర్ గుస్టావ్ లె గ్రే చేసింది కూడా ఇదే. అప్పటి కొలోడియన్ ప్లేట్లకు (రసాయనం పూసిన గాజు నెగటివ్‌లకు) నీలమే ఎక్కువగా తగిలేది, సముద్రానికి సరిపడా వెలుగు ఇస్తే ఆకాశం మొత్తం తెల్లగా పోయేది. ఆయన ఆకాశానికి ఒక నెగటివ్, సముద్రానికి ఒక నెగటివ్ తీసుకుని ఒకే కాగితం మీద ముద్రించారు. ఆ చిత్రాల్లో మేఘాల అంచులు వెలుగుతుంటే సముద్రం చాలావరకు చీకట్లోనే ఉంటుంది, దానిని తేటపరచాలని ఆయన చూడలేదు.

నలుపు తెలుపు కోసమే తయారైన సిల్వర్ ఎఫెక్స్ వంటి ప్లగిన్లు వాడవచ్చా అంటే, వాడవచ్చు. వాటి ఫిల్మ్ ప్రీసెట్లు మంచి ఆరంభమే. వాటిలోని స్ట్రక్చర్ స్లైడర్‌ను మాత్రం టోన్ మ్యాపింగ్ అయిపోయిన చిత్రం మీద వేయకండి, ఒకసారి పెంచిన చిన్న తేడాలనే మళ్లీ పెంచి రాతినంతా ఇసుక చల్లినట్టు గరుకుగా మారుస్తుంది.

ముద్రణ విషయంలో రెండు జాగ్రత్తలు చాలు. మానిటర్ వెలుగు ఎక్కువగా పెట్టుకుని పని చేస్తే కాగితం మీద నీడలన్నీ మూసుకుపోతాయి. చదరపు మీటరుకు 100 నుంచి 120 కాండెలాల మధ్య ఉంచుకోవడం మేలు, కొలిచే పరికరం లేకపోతే తెల్ల కాగితం ఒకటి తెర పక్కన పట్టుకుని, గది వెలుగులో రెండూ ఒకేలా కనబడేంతవరకు తెరను తగ్గించండి. రంగు ఫోటోలు వేసే ల్యాబుల్లో నలుపు తెలుపు ప్రింటుకు లేత పచ్చగానో, లేత గులాబీగానో ఛాయ పడుతుంటుంది కాబట్టి, పెద్ద సైజు చెప్పే ముందు మీ చిత్రంలోంచే చీకటి భాగం, మధ్యస్థ బూడిదరంగు, లేత ఆకాశం మూడూ ఉన్న ఒక పట్టీని కత్తిరించి చిన్న ప్రింటు వేయించండి. క్వారీ చిత్రానికి నిగనిగలాడే కాగితమే ఎంచుకోండి, తడి రాయికి కావలసిన నలుపు మ్యాట్ కాగితం మీద రాదు. గుహ చిత్రానికి మాత్రం మ్యాట్ కాగితాన్ని ఒకసారి పరీక్షించి చూడండి. దాని నలుపు మెత్తగా ఉంటుంది, చీకట్లోకి కలిసిపోయే గోడకు అది నప్పవచ్చు. అయితే దాని మీద నీడలు త్వరగా మూసుకుపోతాయి కాబట్టి, ద్వారం పక్కనున్న రాతిని ముద్రణకు పంపే ఫైలులో కొద్దిగా పైకి లేపి పంపండి.